విత్తనం సంగతి ఎవరూ అడగలేదు

మా అమ్మమ్మ చెల్లెల్ని మేమంతా చిన్నమ్మమ్మ అని పిలిచేవాళ్లం. గుడివాడ దగ్గర ఒక పల్లెలో ఆవిడ కాపురం. పదిహేనేళ్లయినా నిండకుండా అత్తవారింటికి వెళ్లింది. ఆరేళ్లు గడిచినా కడుపు పండలేదు. మోపిదేవి వెళ్లి సుబ్బరాయుడి పుట్టలో పాలు పోసింది. రావిచెట్టుకి ప్రదక్షిణాలు చేసింది. ఎవరేం చెబితే ఆ పసరల్లా మింగింది. సీమంతాలకీ, బారసాలలకీ పిలుపులు తగ్గిపోయాయి. చివరికి 1948లో చిన్నతాతయ్య రెండో పెళ్లి చేసుకున్నారు. ఆ పెళ్లికూతురి కాళ్లకి పసుపు రాసింది మా చిన్నమ్మమ్మేనట!

ఆ రెండో ఆవిడకీ పిల్లలు పుట్టలేదు. అప్పుడైనా ఎవరికైనా అనుమానం రావాలా? రాలేదు. "ఆ ఇంటికేదో శాపం ఉందమ్మా" అన్నారు. శాపం ఇంటికి అంటగట్టారే గాని, ఇంటాయన జోలికి మాత్రం పోలేదు.

ఇందులో వింతేమిటంటే, వాళ్లంతా వ్యవసాయం చేసేవాళ్లే. నారు పోసేముందు వడ్లు నానబెట్టి, మండె కట్టి, మొలక ఎలా వచ్చిందో చూసుకునేవాళ్లే. మొలక సరిగా రాకపోతే చేనుని తిట్టే రైతుని నేనింతవరకు చూడలేదు. మరి మనుషుల దగ్గరికి వచ్చేసరికి తప్పంతా నేలదే ఎందుకయిందో!

నేను బి.ఏ. చదివినదాన్ని. సైన్సు పేరు చెబితే ఆమడ దూరం పరిగెత్తేదాన్ని. ఒక నవల కోసం బందరు చరిత్ర తిరగేస్తుంటే ఈ కథకి మొదలు దొరికింది. 1605 ప్రాంతంలో డచ్చివాళ్లు బందరులో వర్తకం మొదలుపెట్టి, మన నేతబట్టలూ అద్దకం బట్టలూ ఓడలకెత్తుకుని పోయేవారు. వాళ్ల కంపెనీకి స్వదేశంలో ఉన్న ఆరు శాఖల్లో ఒకటి డెల్ఫ్ట్ అనే ఊళ్లో ఉండేది. ఆ ఊళ్లోనే లీవెన్‌హుక్ అనే ఆయన బట్టల కొట్టుతో జీవితం మొదలుపెట్టాడు. గుడ్డలో పోగులు పరీక్షించడానికి వర్తకులు భూతద్దాలు వాడే రోజులవి. ఈయన వాళ్లందరినీ మించిపోయి, చిట్టి చిట్టి కటకాలు తనే అరగదీసుకుని, నీటిబొట్టులో పురుగుల్ని కూడా చూశాడు. 1677లో, ఇక్కడ గోల్కొండని తానీషా ఏలుతుండగా, అక్కడ ఆయన మగవాడి బీజంలో తోకలాడిస్తూ ఈదే జీవాలున్నాయని లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. పాపం, ఎంత సిగ్గుపడ్డాడంటే, ఇది అసహ్యమనిపిస్తే అచ్చు వెయ్యకండని కూడా అందులో చేర్చాడు!

మరి ఆ తోక ఆడడానికి బలం ఎక్కణ్ణించి వస్తుంది? బీజకణానికి తల, మెడ దగ్గర చిన్న మధ్యభాగం, పొడుగాటి తోక ఉంటాయి. తలలో తండ్రి పోలికలు మూటకట్టి ఉంటాయి. మధ్యభాగం చుట్టూ, కండెకి నూలు చుట్టినట్టు, సన్నని రేణువులు మెలిక తిరిగి ఉంటాయి. 1898లో కార్ల్ బెండా అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు వాటికి మైటోకాండ్రియా అని పేరు పెట్టాడు. గ్రీకులో 'మైటోస్' అంటే దారం, 'కాండ్రియాన్' అంటే రేణువు. పెడన నేతగాళ్లు వింటే సంతోషించే పేరు కదూ!

ఇవి కణానికి పొయ్యిలాంటివి. మనం తిన్న తిండిని ఆక్సిజన్‌తో మండించి ఏ.టి.పి. అనే శక్తిపదార్థాన్ని తయారుచేస్తాయి. ఆ ఏ.టి.పి.ని కనిపెట్టినవారిలో ఒకరు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. గుడివాడలో రైలెక్కితే కైకలూరు, ఆకివీడు దాటాక వచ్చే భీమవరంలో 1895లో పుట్టారు. హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి 1929లో దీన్ని లోకానికి చెప్పారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. చిన్నతాతయ్య రెండో పెళ్లి చేసుకున్న 1948లోనే సుబ్బారావుగారు అమెరికాలో కన్నుమూశారు.

బీజకణం చక్కెరని తోకలోనే అరాయించుకుని కొంత శక్తి తెచ్చుకుంటుంది. అయినా పొయ్యి చెడితే చిక్కే. కదలిక మందగిస్తుంది. అండం దాకా చేరలేక దారిలోనే ఆగిపోతుంది. పొయ్యి సరిగా మండకపోతే పొగ వచ్చినట్టు, చెడిన మైటోకాండ్రియా నుంచి హాని చేసే ఆక్సిజన్ రూపాలు ఎక్కువగా వెలువడి, కణం పైపొరనీ, తలలోని మూటనీ కూడా దెబ్బతీస్తాయి. బీజకోశాల దగ్గర సిరలు ఉబ్బడం, అధిక వేడి, పొగతాగడం ఇలాంటి నష్టాన్ని పెంచుతాయి. పిల్లలు లేని దంపతుల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుందని వైద్యులు చెబుతున్నారు.

ఇంకో సంగతి వింటే మీరు నవ్వుకుంటారు. అండంలోకి వెళ్లాక తండ్రి తెచ్చిన మైటోకాండ్రియాని ఆ అండమే ఏరి పారేస్తుంది. బిడ్డకి మిగిలేవి తల్లివే. అంటే ఏ మగవాడి బీజమైనా ఈదేది వాళ్లమ్మ ఇచ్చిన పొయ్యి బలంతోనేనన్నమాట! గోత్రం నాన్నదైనా నిప్పు అమ్మది.

1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ కొట్టుకుపోయినప్పుడు, అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న ఒక పిల్లవాణ్ణి చిన్నమ్మమ్మా, ఆ రెండో ఆవిడా తెచ్చి పెంచుకున్నారు. పెద్దమ్మా, చిన్నమ్మా అంటూ వాడు ఇద్దరి కొంగులూ పట్టుకు తిరిగేవాడు. వాడి కొడుక్కి పెళ్లయి నాలుగేళ్లు. మొన్న వాళ్లింటికి వెళితే, "కోడల్ని మోపిదేవి తీసుకెళదామనుకుంటున్నాం వదినా" అంది వాడి భార్య.

"తప్పకుండా వెళ్లండి, నేనూ వస్తాను. ముందు మీ అబ్బాయికి ఆ చిన్న పరీక్ష చేయించు. ఒక్కపూట పని" అన్నాను.

ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుంది. గుమ్మం పక్కన నిలబడ్డ కోడలు మాత్రం తలెత్తి నా వైపు చూసింది. చిన్నమ్మమ్మకి ఆ మాట చెప్పేవాళ్లు ఒక్కరూ లేకపోయారే అనిపించింది.