ఆసనాలకు బొమ్మ కట్టినవాళ్లు

పుస్తకాలకు, ఆరోగ్య పత్రికలకు బొమ్మలు వేయడం నా వృత్తి. వాటిలో యోగాసనాల బొమ్మలే ఎక్కువ. ఎవరు అడిగినా అడిగేది ఒకటే: ఆసనానికి ఒక బొమ్మ. పశ్చిమోత్తానాసనం అంటే నుదురు మోకాళ్లకు ఆనిన బొమ్మ. సర్వాంగాసనం అంటే కాళ్లు నిటారుగా నిలిచిన బొమ్మ. నా పనులన్నీ ఆన్‌లైన్‌లో ఒక పోర్ట్‌ఫోలియోగా పేర్చడానికి కూర్చున్నప్పుడు ఈ బొమ్మలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూశాను. అన్నీ చివరి భంగిమలే. అక్కడికి వెళ్లే దారి గానీ, అక్కడి నుంచి బయటికి వచ్చే దారి గానీ ఒక్క బొమ్మలోనూ లేదు. పొద్దున్నే చాప మీద నాకు అసలు సాధన జరిగేది ఆ రెండు దారుల్లోనే. ఈ పని నాకంటే ముందు ఎవరు చేశారు, వాళ్లు ఆ దారిని ఎలా గీశారు అని అప్పటి నుంచి వెతుకుతూ వచ్చాను.

యోగ గ్రంథాలు చాలాకాలం బొమ్మలు లేకుండానే నడిచాయి. పతంజలి ఆసనం గురించి చెప్పింది బహు కొంచెం. అది నిలకడగా, హాయిగా ఉండాలన్నాడు గానీ ఏ ఆసనం ఎలా వేయాలో చెప్పలేదు. 15వ శతాబ్దం నాటిదని పండితులు చెప్పే హఠయోగప్రదీపిక 15 ఆసనాలను వర్ణించింది. తర్వాత వచ్చిన ఘేరండసంహితలో అవి 32 అయ్యాయి. 84 అనే లెక్క సంప్రదాయంలో ఎప్పటి నుంచో ఉంది కానీ, ఆ 84 ఏవో అందరూ ఒకేలా చెప్పరు. శిష్యుడు గురువు ఎదుటే ఉంటాడు, గురువు చేత్తో పట్టి సరిచేస్తాడు. ఇక బొమ్మతో పనేముంది?

బొమ్మ అవసరం మొదట గుడికీ కోటకూ వచ్చింది. గుజరాత్‌లోని దభోయి కోట ద్వారం మీద 13వ శతాబ్దంలోనే నాథసిద్ధులను, అంటే నాథ పరంపర యోగులను, చెక్కారు. హంపిలో 16వ శతాబ్దపు స్తంభాల మీద తలకిందులుగా నిలిచినవాళ్లు, చేతుల మీద ఒళ్లంతా లేపినవాళ్లు, కాళ్లను మెడ వెనక్కి మెలిపెట్టినవాళ్లు కనిపిస్తారు. సేత్ పావెల్ అనే పరిశోధకుడు 2018లో ఈ స్తంభాల మీద వివరంగా రాశాడు. కష్టమైన ఆసనాలన్నీ ఇరవయ్యో శతాబ్దంలో పుట్టుకొచ్చినవే అనుకునేవాళ్లకు ఆ రాళ్లే జవాబు.

మనకు ఇంకా దగ్గరిది శ్రీశైలం. మల్లికార్జునస్వామి ఆలయం చుట్టూ విజయనగర కాలంలో కట్టిన ప్రాకారం ఉంది కదా, దాని బయటివైపు రాళ్ల మీద ఏనుగులు, గుర్రాలు, వేటలు, యుద్ధాలు, శివుడి కథలు వరుసలు వరుసలుగా ఉంటాయి. వాటి మధ్యలో సిద్ధులు ఉంటారు. మోకాళ్లకు, నడుముకు కలిపి యోగపట్టం బిగించుకుని కూర్చున్నవాళ్లను చూస్తే ఆ పట్టీ ఎందుకో సాధన చేసేవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. చాలాసేపు కదలకుండా కూర్చోవాలంటే నడుముకు ఒక ఆసరా కావాలి. శిల్పి ఆ పట్టీని వదిలిపెట్టలేదు. అంటే అతను కూర్చున్న మనిషిని దగ్గరగా చూశాడని నా నమ్మకం. ఆ గోడ మీద చేప మీద కూర్చున్న మత్స్యేంద్రుడు ఉన్నాడు. కాళ్లూ చేతులూ తెగిన చౌరంగి కూడా ఉన్నాడని ఈ శిల్పాలను పరిశీలించిన రాబ్ లిన్‌రోత్ గుర్తుపట్టాడు.

ఈ చౌరంగి మనకు పరాయివాడు కాదు. సారంగధరుడి కథ తెలియని తెలుగువాళ్లు తక్కువ. సవతితల్లి నిందకు కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న ఆ రాకుమారుడే నాథసిద్ధుల పరంపరలో చౌరంగి. 15వ శతాబ్దంలో గౌరన ఈ కథను నవనాథచరిత్రములో ద్విపదలో చెప్పాడు. ఆ కావ్యం రాయించింది శ్రీశైలంలోని భిక్షావృత్తి మఠాధిపతే. ఒకే కొండ మీద సిద్ధుల కథలకు ద్విపద కావ్యం వచ్చింది, వాళ్ల రూపాలకు రాతిగోడ వచ్చింది. కవి పేరు మనకు తెలుసు. గోడ చెక్కినవాళ్ల పేర్లు ఎవరమూ చెప్పుకోం. బొమ్మలు వేసి బతికే మనిషిగా ఇది నాకు గుచ్చుకుంటుంది.

రాతి మీద ఉన్నది సిద్ధుడి మహిమ. చూసి నేర్చుకోవడానికి చెక్కింది కాదు. చదివే పాఠానికి పక్కన బొమ్మ పెట్టే పద్ధతి మొదలైంది, ఎవరూ ఊహించని చోట. గ్వాలియర్‌కు చెందిన సూఫీ గురువు ముహమ్మద్ గౌస్ 16వ శతాబ్దంలో బహ్ర్ అల్ హయాత్ అనే పారసీక గ్రంథం కూర్చాడు. అమృతకుండం అనే యోగ గ్రంథం దానికి మూలం. తండ్రి అక్బరు మీద తిరగబడి అలహాబాదులో వేరే కొలువు పెట్టుకున్న సలీం 1600-1604 మధ్య దానికి ఒక బొమ్మల ప్రతి తయారు చేయించాడు. ఇప్పుడది డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉంది. అందులో 21 ఆసనాలకు 21 బొమ్మలు. ఆసనాలను ఒక పద్ధతి ప్రకారం బొమ్మలతో చూపిన గ్రంథాల్లో మనకు దొరికినవాటిలో ఇదే మొదటిదంటారు. ఎక్కువ బొమ్మలు గోవర్ధనుడనే చిత్రకారుడివని కళాచరిత్రకారుల అంచనా.

ఆ బొమ్మలను నేను తెర మీద పెద్దవి చేసుకుని చూశాను. బూడిద పూసుకున్న ఒంటరి యోగి, వెనుక గుడిసె, చెట్టు. చూపు పైకి లేదు, మన వైపూ లేదు, లోపలికి ఉంది. కడుపు లోపలికి లాగి ఊపిరి బిగబట్టినప్పుడు పక్కటెముకల కింద పడే నీడను చిత్రకారుడు పట్టుకున్నాడు. ఊపిరిని గీయలేం అని నేను చాలామందికి చెప్పాను గానీ, ఈ బొమ్మ చూశాక ఆ మాట అనడం మానేశాను. నా చేతిలో ఉన్న స్టైలస్‌తో ఆ నీడను మళ్లీ మళ్లీ వేసి చూస్తుంటాను.

1737లో జయతరాముడు బ్రజ భాషలో రాసిన జోగప్రదీపకకు 1830 నాటి బొమ్మల ప్రతి ఒకటి లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 84 ఆసనాలు, 24 ముద్రలు. రంగులు బాగుంటాయి, ఊపిరి మాత్రం కనిపించదు.

ఇక మైసూరు. ఇంగ్లీషువాళ్లు 1831లో పరిపాలన చేతుల్లోకి తీసుకున్నాక అక్కడి రాజు ముమ్మడి కృష్ణరాజ ఒడయరు తన కాలాన్ని గ్రంథాలకు, చిత్రాలకు, ఆటలకు ఇచ్చాడు. ఆ కొలువులో తయారైన శ్రీతత్త్వనిధి తొమ్మిది నిధులుగా ఉన్న మహా సంకలనం. అందులో దేవతల రూపాలు, రాగాలు, ఇంకా ఎన్నో ఉన్నాయి. కౌతుకనిధి అనే భాగంలో 122 ఆసనాలకు బొమ్మలున్నాయి. లంగోటా కట్టిన యువకులు, ఒంటిని ఎటు కావాలంటే అటు తిప్పగల కుస్తీవాళ్లలా ఉంటారు. తాళ్లు పట్టుకుని వేసే ఆసనాలు కూడా ఉన్నాయి. పరిశోధకుడు ఎన్.ఇ. స్యోమాన్ 1996లో వీటిని పుస్తకంగా తెచ్చాక ప్రపంచమంతా వీటి గురించి మాట్లాడింది.

ఈ బొమ్మల వెనుక ఒక పాఠం ఉంది. కపాలకురంటకుడి హఠాభ్యాసపద్ధతి. 18వ శతాబ్దానిదని పరిశోధకులు భావిస్తారు. అందులో 112 ఆసనాలు. వెల్లకిలా వేసేవి, బోర్లా వేసేవి, నిలబడి వేసేవి, తాళ్లతో వేసేవి అంటూ ఆరు వరుసలుగా ఉంటాయి. చాలావాటిలో కదలిక ఉంది: తిరగడం, ఎగరడం, చేసినదే మళ్లీ మళ్లీ చేయడం. శ్రీతత్త్వనిధికి వచ్చేసరికి ఆ వరుస క్రమం నిలవలేదు. కదలికలో ఒక్క క్షణాన్ని పట్టి గడిలో కూర్చోబెట్టారు. కొలువుకు కావలసింది చూడముచ్చటైన సంకలనం. రాజుగారికి చూపడానికి కట్టిన ఆ గ్రంథాన్ని ఆ కాలపు పోర్ట్‌ఫోలియో అనవచ్చు. చూసేవాడు పుట తిప్పుతూ ఆశ్చర్యపడాలి, దిగి చేయనవసరం లేదు. నా ఆన్‌లైన్ పుట కూడా సరిగ్గా అదే కొలతతో కట్టుకున్నదే.

ఆ తర్వాత ఫోటో వచ్చింది. 1897లో లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ అక్వేరియంలో బావా లక్ష్మణ్ దాస్ 48 ఆసనాలు వేసి చూపాడు. స్ట్రాండ్ పత్రిక దాన్ని ఒళ్లు వంచే వింతగా అచ్చు వేసింది. అంతదూరం వెళ్లిన ఒక సాధకుడిని ఆ పుటల్లో సర్కసు మనిషిని చూసినట్టు చూశారు, ఇది నాకు బాధ కలిగించే పుట. దానికి జవాబు లోణావ్లాలో వచ్చింది. స్వామి కువలయానంద 1924లో కైవల్యధామం పెట్టి, యోగమీమాంస పత్రికలో ఫోటోలతో పాటు ఎక్స్‌రేలు కూడా ప్రచురించాడు. లోపల ఏం జరుగుతోందో చూపాలన్నది ఆయన పట్టుదల.

1934లో రెండు పుస్తకాలు వచ్చాయి. మైసూరులో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడిపిన తిరుమలై కృష్ణమాచార్య కన్నడంలో ఫోటోలతో యోగమకరందం తెచ్చాడు. ఆధార గ్రంథాల్లో శ్రీతత్త్వనిధి పేరు చెప్పాడు. అదే ఏడాది బొంబాయిలో సీతాదేవి యోగేంద్ర స్త్రీల కోసం యోగా పుస్తకం రాసింది. మొదటిదాని గురించి చెప్పుకున్నంతగా రెండోదాని గురించి చెప్పుకోరు. చెప్పుకోవాలి. 1938లో తీసిన మూకీ చిత్రంలో కృష్ణమాచార్య, ఆయన భార్య నామగిరియమ్మ, పిల్లలు, శిష్యుడు బి.కె.ఎస్. అయ్యంగార్ ఆసనాలు వేస్తారు. ఇన్ని శతాబ్దాల బొమ్మల్లో పోయిన కదలిక ఆ నలుపు తెలుపు రీలులో తిరిగి వచ్చింది. ఆసనంలోకి వెళ్లడం కనిపిస్తుంది, బయటికి రావడం కనిపిస్తుంది.

అయ్యంగార్ పుస్తకం లైట్ ఆన్ యోగా 1966లో లండన్‌లో, వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ ముందుమాటతో వచ్చింది. 200 ఆసనాలకు దాదాపు 600 ఫోటోలు. ఈ లెక్కే నాకు అన్నిటికంటే ముఖ్యం. ఆసనానికి ఒకటి కాదు, సగటున మూడు. కాలు ఎక్కడ పెట్టాలి, చేయి ఎప్పుడు లేపాలి, ఎటు నుంచి చూస్తే వీపు ఎలా ఉండాలి, అన్నిటికీ విడివిడి ఫోటోలు. ప్రతి ఆసనానికి కష్టాన్ని బట్టి 1 నుంచి 60 దాకా ఒక అంకె. గురువు ఎదుట లేని మనిషికి దారి చూపాలన్న పట్టుదలతో కట్టిన పుస్తకమది. నా దృష్టిలో ఆసనాల బొమ్మల చరిత్రలో దానికి సాటి లేదు. అయినా ఒక లోటు ఉంది. ఆ దృఢమైన శరీరం అయ్యంగార్ ఒక్కడిదే. మోకాళ్లు నొప్పి పెట్టే అరవై ఏళ్ల మనిషి అందులో తనను తాను చూసుకోలేదు.

ఇదంతా చదివాక నా పోర్ట్‌ఫోలియో మార్చుకున్నాను. త్రికోణాసనానికి ఇప్పుడు వరుసగా అయిదు గీతల బొమ్మలు ఉన్నాయి: కాళ్లు ఎడం చేయడం, చేతులు చాచడం, నడుము నుంచి ఒరగడం, నిలవడం, లేవడం. పక్కన ఊపిరి తీసేది ఎక్కడో, వదిలేది ఎక్కడో చిన్న గుర్తులు. గోడకు ఆనుకుని వేసే రూపం కూడా పెట్టాను. అవన్నీ చాప మీద నేను చేసి, చేస్తూ గీసుకున్న స్కెచ్‌లు. వాటి కోసం ఇదివరకు చూసీచూడనట్టు వదిలేసిన ఆసనాల్లో ఎక్కువసేపు ఆగవలసి వచ్చింది. ఎక్కడ బరువు మారుతుందో ఒంటికి తెలిస్తేనే గీత సరిగ్గా పడుతుంది. నా సాధన లోతు పెరిగిందంటే ఆ గీతల వల్లే. మిగతా బొమ్మలకు ఆసనం వేసిచూపినవాళ్ల పేరు, వాళ్ల అనుమతితో, బొమ్మ కిందే వేస్తున్నాను.

తెలుగులో యోగా పుస్తకాలు వేసేవారికి నా విన్నపం ఇది. ఆసనానికి కనీసం మూడు బొమ్మలకు చోటివ్వండి. వయసు మళ్లినవాళ్లను, లావుగా ఉన్నవాళ్లను, చీర కట్టుకున్నవాళ్లను కూడా గీయించండి. బొమ్మ వేసినవారి పేరు, భంగిమ నిలిచినవారి పేరు లోపలి పుటలో అచ్చు వేయండి. శ్రీశైలం వెళ్లేవారు దర్శనం అయ్యాక ప్రాకారం బయటివైపు ఒకసారి పూర్తిగా చుట్టి రండి. సిద్ధులు కనిపించిన చోట పిల్లలకు చూపించండి.