పులికాట్ మాత: దారి పక్కనే ఉన్న తొలి మజిలీ

సెప్టెంబరు 8 మరియమాత జన్మదినం. ఆగస్టు 29న వేళాంగణిలో జెండా ఎక్కిందంటే చాలు, నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి కార్లు, వ్యాన్లు దక్షిణానికి బారులు కడతాయి. సూళ్లూరుపేట, తడ దాటి చెన్నై రహదారి మీద పరుగెత్తే ఆ బండ్లలో చాలావాటికి పొన్నేరి మలుపు పట్టదు. ఆ మలుపు తిరిగితే పులికాట్. అక్కడ మహిమ మాత కోవెల ఉంది. తమిళులు మగిమై మాత అంటారు. క్షేత్రం చెప్పుకునే పుట్టిన సంవత్సరం 1515. తిరుపతిలో తెల్లవారుజామున బయలుదేరి, శ్రీకాళహస్తి, వరదయ్యపాళెం, తడ మీదుగా వెళ్లి, పూజ చూసుకుని, రాత్రి భోజనానికి ఇల్లు చేరగలిగిన యాత్ర ఇది.

పులికాట్ ఊరు తమిళనాడులో ఉన్నా, సరస్సులో ఎక్కువ భాగం మనదే. మనవాళ్లకు అది ప్రళయ కావేరి. ఇరకం, వేనాడు లాంటి దీవుల తెలుగు బతుకులను స.వెం.రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’లో అక్షరాలకెక్కించారు. సముద్రానికీ సరస్సుకూ మధ్య ముఖద్వారం దగ్గర వెలసిన ఈ రేవులో చోళుల కాలం గడిచింది, అరబ్బు వర్తకులు దిగారు, విజయనగరం జెండా ఎగిరింది. ఇక్కడి నుంచి రంగుల బట్టలు మలక్కాకు పోయేవి. పెగూ కెంపులు ఇక్కడికి వచ్చేవి. శ్రీకృష్ణదేవరాయలు కొండవీటి కోటను పట్టిన ఏడాదే 1515. అప్పటికే బుడతకీచులు, అంటే పోర్చుగీసువారు, ఈ రేవులో కాపురాలు పెట్టారు. తమ ఆనందమాత పేరున గుడి కట్టుకున్నారు. నేటి మహిమ మాత కోవెలకు మొదలు అదే.

ఆ తర్వాత రెండేళ్లకు జరిగిన సంగతి దగ్గర కాసేపు ఆగాలి. ఈ తీరంలో క్రైస్తవ యాత్రల కథ నాకు అక్కడే మొదలవుతుంది.

1517లో మలక్కా నుంచి వచ్చిన కొందరు పులికాట్‌లో దిగారు. వాళ్లలో దియోగో ఫెర్నాండెజ్, బస్తియావ్ ఫెర్నాండెజ్ అనే పోర్చుగీసువారు ఇద్దరు. వెంట ఖోజా సికందర్ అనే ఆర్మీనియా వర్తకుడు, అతని తోటివారు ఉన్నారు. క్రీస్తు శిష్యుడు పునీత తోమా ఇల్లు ఇక్కడికి దగ్గరలోనే ఉంది, చూద్దాం రండి అని ఆర్మీనియావాళ్లు పిలిచారు. ఐరోపావారికి తోమా కథ తెలుసుగానీ దారి తెలియదు. దారి తెలిసినవాళ్లు ఆసియా క్రైస్తవులే. అలా పులికాట్ నుంచి మైలాపూరుకు ప్రయాణం సాగింది. నేటి లెక్కన అరవై కిలోమీటర్లు, కారులో రెండు గంటల దారి.

వాళ్లకు అక్కడ కనబడింది తోమా సమాధి ఉన్నదని నమ్మే, సగం కూలిన పాత మందిరం. దాన్ని కనిపెట్టుకుని, దీపం వెలిగిస్తున్నది ఒక ముస్లిం. ఈ సంగతులన్నీ 1533లో జరిగిన విచారణలో దియోగో ఇచ్చిన వాంగ్మూలం వల్లే మనకు దక్కాయి. పోర్చుగీసువాళ్లను తోమా సమాధికి తీసుకుపోయింది ఆర్మీనియావారు, అప్పటిదాకా దీపం ఆరకుండా చూసింది ఒక ముస్లిం, ఆ నేలను ఏలింది విజయనగర రాయలు. ఈ తీరం ఘనతను ఇంతకంటే చక్కగా చెప్పే సంఘటన నాకు తెలియదు.

కథ అక్కడితో ముగియలేదు. 1523లో అంతోనియో జిల్ అనే పాదిరి మందిరం బాగుచేయించడానికి పూనుకుని, సమాధి తవ్వమని దియోగోనే అడిగాడు. పాపసంకీర్తనం చేసి సత్ప్రసాదం తీసుకోకుండా ఆ చోట గునపం దించనన్నాడు దియోగో. ఆ విధి ముగిశాకే తవ్వకం మొదలైంది. లోతున తెల్లటి ఎముకలు, ఒక ఈటె మొన, మట్టి నింపిన కుండ బయటపడ్డాయి. వాటిని పెట్టెలో భద్రపరిచి, తాళంచెవులను పులికాట్‌లో ఉన్న కెప్టెన్ మనుయెల్ ది ఫ్రియాస్‌కు పంపించారు. మైలాపూరు శాంథోమ్‌లోని ఆ పెట్టె తాళంచెవులు ఒకప్పుడు పులికాట్‌కు చేరాయన్నమాట! ఆ ఎముకలు తోమావేనా అన్న వాదన పండితుల మధ్య ఇంకా ఉంది. భక్తులు మాత్రం అప్పటి నుంచి వస్తూనే ఉన్నారు. పోర్చుగీసువాళ్లు మెల్లమెల్లగా మైలాపూరుకు తరలిపోయారు. పులికాట్ వెనకబడింది.

తర్వాతి మలుపు మన చంద్రగిరి నుంచే వచ్చింది. రెండవ వెంకటపతి రాయలు 1598లో చంద్రగిరి కొలువులో జెస్విట్ పాదిరీలను ఆదరించాడు. అదే రాయలు 1610లో పులికాట్‌లో వర్తకానికి ఒలాందావారికి, అంటే డచ్చివారికి, కౌలు రాసిచ్చాడు. శాంథోమ్ పోర్చుగీసులు మండిపడి 1612లో ఒలాందావారి స్థావరం మీద పడ్డారు. మరుసటి ఏడాదే అక్కడ గెల్డ్రియా కోట లేచింది. 1690లో నాగపట్నానికి మారేదాకా కోరమాండల్ తీరంలో ఒలాందావారి రాజధాని ఇదే. బట్టలతోపాటు బానిసలను కూడా ఇక్కడి నుంచి ఓడలకెక్కించారు. ఆ పాపాన్ని మరచిపోకూడదు. ఈ ఊళ్లోనే పదేళ్లు ఉన్న ప్రొటెస్టెంటు బోధకుడు అబ్రహాం రోజర్, పద్మనాభుడనే బ్రాహ్మణుడి దగ్గర విని భర్తృహరి శ్లోకాలను డచ్చిలోకి తెచ్చాడు. ఆ పుస్తకం 1651లో అచ్చయింది. చివరికి 1825లో పులికాట్ ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. అప్పటికి మద్రాసు పెరిగింది. ఇక్కడి రేవు చిన్నబోయింది.

ఆధునిక కాలానికి వస్తే కథ ఒక దారిన నడవదు. శ్రీహరికోట నుంచి రాకెట్లు లేచాయి. ముఖద్వారం పూడుకుపోవడం, చేపలు తగ్గడం జాలర్లకు తీరని బెంగ అయింది. 2004లో సునామీ వచ్చింది. 2022లో సూళ్లూరుపేట, తడ కొత్త తిరుపతి జిల్లాలో కలిశాయి. గెల్డ్రియా కోట ఉన్నచోట ఇప్పుడు కందకం, ముళ్లపొదలు. చెక్కిన రాళ్లున్న డచ్చివారి శ్మశానం పురావస్తు శాఖ రక్షణలో ఉంది. కోవెలకు మాత్రం జనం తగ్గలేదు. 2015లో ఐదు వందల ఏళ్ల పండుగ జరుపుకున్నారు. ఇప్పుడు నిలిచిన కట్టడం కొత్తదే. ఆనాటి గోడ కోసం వెతికేవారికి నిరాశే. వెలిగించిన కొవ్వొత్తి, చేతిలో జపమాల, మాత మీద అదే భక్తి: ఇక్కడ పాతదంటే ఇదే.

కాబట్టి వేళాంగణి ప్రయాణం పెట్టుకున్నవారు ఈసారి పొన్నేరి వైపు ఎడమకు తిరగండి. కోవెలలో పూజ అయ్యాక శ్మశానం దాకా నడవండి, కోట కందకం చూడండి, పిల్లలకు దియోగో కథ చెప్పండి. కోవెల పెద్దలకు, పురావస్తు శాఖకు ఒక విన్నపం. ఈ ఊళ్లో మిగిలిన పాత రాళ్లను, దస్తావేజులను ఒకచోట చేర్చి, తమిళంతోపాటు తెలుగులోనూ చదువుకునేలా నాలుగు పలకలు పెట్టించండి. ఈ క్షేత్రానికి వచ్చేవారిలో తెలుగువారూ ఉన్నారు. దాని చరిత్రలో చంద్రగిరికీ పాత్ర ఉంది.