రక్తస్కందన కాలము: ఒక కొలత చరిత్ర

హృదయమున లోహపు కవాటము నమర్చుకొన్నవారికిని, కాలి సిరలలో రక్తము గడ్డకట్టి మందు వాడుచున్నవారికిని చేతికి వచ్చు పరీక్షా పత్రములో రోగి కాలము ఇన్ని సెకనులనియు, కంట్రోలు కాలము ఇన్ని సెకనులనియు వ్రాసియుండి, వాని క్రింద ఐ.ఎన్.ఆర్. అను పేరుతో ఒక సంఖ్య యుండును. కంటికి మొదట దగిలిన సెకనులను జూచి పెక్కురు బెంగపడుదురు. చూడవలసినది మాత్రము ఆ కడపటి సంఖ్య. అది పుట్టుటకు దాదాపు అర్ధశతాబ్దము పట్టినది.

ఈ కథకు మొదలు పసుల కొట్టము. 1920వ దశకమున కెనడాలోను, అమెరికా ఉత్తర సీమలలోను తీపి క్లోవరు అను మేత తడిసి బూజుపట్టగా, దానిని మేసిన పశువులు చిన్న గాయమునకే రక్తము నిలువక చచ్చుచుండెను. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రైతు ఒకడు చచ్చిన పెయ్యను, గడ్డకట్టని నెత్తురు నింపిన పాలక్యానును, ఆ పాడైన మేతను వెంటబెట్టుకొని, మంచుతుపానులో మాడిసన్ నగరమునకు వచ్చి, కార్ల్ పాల్ లింక్ అను రసాయనశాస్త్రజ్ఞుని ప్రయోగశాల తలుపు తట్టెను. ఆరేండ్ల పరిశ్రమ పిమ్మట, 1939లో, ఆ మేతలోని విషము స్ఫటికరూపమున చేజిక్కెను, అదియే డైకుమరాల్. దాని సంతతిలోని వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అంగడికెక్కి, కొలది యేండ్లకే మనుష్యులకు ఔషధమై, 1955లో గుండెపోటునకు లోనైన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు సైతము ఇయ్యబడెను.

ప్రాణము దీయు పదార్థమే ప్రాణము నిలుపవలెనన్న మోతాదు తెలియవలెను గదా! అందుకు సాధనమును ఆర్మండ్ క్విక్ అను వైద్యుడు 1935లోనే సిద్ధపరచి యుంచెను. గడ్డకట్టకుండ కాల్షియమును బంధించిన రక్తమునుండి తేరిన ప్లాస్మాను సన్నని గాజునాళికలో పోసి, 37 డిగ్రీల వెచ్చని నీటిలో నిలిపి, కుందేటి మెదడునుండి తీసిన థ్రాంబోప్లాస్టినును కాల్షియమును చేర్చి, నాళికను మెల్లగా వంచుచు, ద్రవమున తొలి నారపోగు కనబడుదాక గడియారమును జూచుట ఆతని పద్ధతి. ఆరోగ్యవంతునకు పండ్రెండు సెకనుల ప్రాంతమున గడ్డ కట్టును.

అయితే ఆ మెదడు సారమే చిక్కు తెచ్చిపెట్టెను. ఇంగ్లండులో మానవ మస్తిష్కమునుండియు, అమెరికాలో కుందేటి మెదడునుండియు చేసిన సారములలో ఒకటి స్వల్ప లోపమునకే కాలమును సాగదీయును, వేరొకటి అంత సులభముగా చలింపదు. వైద్యులు మాత్రము ఎచటనైనను కాలము రెండింతలగువరకు మందు పెంచుచుండిరి. తత్ఫలితముగా మందకొడి సారముతో కొలిపించుకొన్న రోగికి అవసరమునకు మించిన మోతాదు పడెను. 1982లో కెనడాలో 96 మంది రోగులను రెండు తెగలుగా విభజించి రెండు విధముల సారములతో కొలిచి చికిత్స చేయగా, గడ్డలు తిరుగబెట్టుట ఇరువైపుల సమానముగనే యుండెను. రక్తస్రావము మాత్రము ఒక తెగలో 4 శాతమునకు, రెండవ తెగలో 22 శాతమునకు సంభవించెను. ఆ రోగుల బాధకు మూలము వ్యాధియు గాదు, ఔషధమును గాదు, కొలబద్ద యని తలచినప్పుడు నా మనస్సు కలగును.

మాంచెస్టరులో లియాన్ పోలర్ మొదలగువారు ఏండ్ల తరబడి చేసిన కృషి ఫలించి, 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉమ్మడి మానము నంగీకరించెను. మానవ మస్తిష్కముతో చేసిన యొక ప్రమాణ ద్రవ్యమునకు సూచిక 1.0 అని నిర్ణయించి, తక్కిన ప్రతి సారమునకును దానితో పోల్చి ఐ.ఎస్.ఐ. అను సూచిక నొసగిరి. రోగి కాలమును ఆరోగ్యవంతుల సగటు కాలముచే భాగించి, వచ్చిన నిష్పత్తిని ఆ సూచిక ఘాతమునకు హెచ్చింపగా ఐ.ఎన్.ఆర్. వచ్చును. రోగికి 24 సెకనులు, సగటు 12 అయినచో నిష్పత్తి 2, సూచిక 1.0 అయినచో ఫలితము 2, సూచిక 2.0 అయినచో ఫలితము 4. సెకనులు అవే, అపాయము వేరు.

మందు వాడని ఆరోగ్యవంతునకు ఐ.ఎన్.ఆర్. 1 చేరువ నుండును. సిరలలో గడ్డలకును, గుండె లయ తప్పిన కొన్ని వ్యాధులకును 2 మొదలు 3 వరకును, మిట్రల్ స్థానమున లోహపు కవాటమున్నవారికి సాధారణముగా 2.5 మొదలు 3.5 వరకును నిలుపుదురు. కీళ్లవాతపు జ్వరము గుండె కవాటములను చెరచుట నేటికిని మాయని మన దేశమున ఈ మందుబిళ్లలతో జీవితము గడుపువారు పెక్కురు. తోటకూర, పాలకూరలలోని కె విటమిను ఈ మందునకు విరుద్ధముగా పనిచేయును గనుక, అట్టివారు ఆకుకూరలు మానవలసిన పనిలేదు గాని, ఒక వారము మెండుగా, ఒక వారము శూన్యముగా తినరాదు. పత్రములన్నియు తేదీల వరుసను దాచుకొని, వేరొక ల్యాబులో పరీక్ష చేయించినప్పుడు సెకనులను గాక ఐ.ఎన్.ఆర్.నే పాతదానితో పోల్చి చూచుకొనుడు. మోతాదు మార్పును మాత్రము వైద్యునికే విడువుడు.