పడుగు పేకల నడుమ మన చరిత్రము: గతకాలమును చూపు గ్రంథములు



ఇతిహాసమను పదమును మన పెద్దలు ఇతి, హ, ఆస యని మూడుగా విడదీసి, "ఇట్లు గదా జరిగినది" యని యర్థము చెప్పియున్నారు. ఇట్లు జరిగినదని చెప్పుటకు సాక్షి యుండవలెను. సాక్షి లేని మాట యెంత మధురమైనను ఇతిహాసము కానేరదు. మన పద్మశాలీయుల గతకాలమునకు సాక్షులెవ్వరు? ఆ సాక్ష్యము నేడెచ్చట నున్నది? ఈ ప్రశ్నను సభవారి సమక్షమున నుంచుటయే నా యీ చిన్న వ్యాసమునకు ప్రయోజనము.

మనకు పురాణము కలదు. మార్కండేయ మహర్షి వృత్తాంతమును, భావనారాయణ మహర్షి వస్త్రనిర్మాణ గాథను కూనపులివారు పటము విప్పి, బొమ్మ వెంట బొమ్మ చూపుచు తెలంగాణపు గ్రామములలో గానము చేయుచు వచ్చిరి. చేర్యాల చిత్రకారులు వ్రాసిన ఆ పటములు మన కులమునకు బొమ్మలతో గూడిన గ్రంథములని చెప్పదగును. వానియందు నాకు గల భక్తి యెవ్వరికిని తీసిపోదు. అయినను మన మేల నేయుచున్నామో పురాణము చెప్పును గాని, ఏమి నేసితిమో, ఎవరికి నేసితిమో, ఎంత కూలి గొంటిమో అది చెప్పదు. అందులకు వేఱు గ్రంథముల నాశ్రయింపవలసి యున్నది.

చిలుకూరి వీరభద్రరావుగారి "ఆంధ్రుల చరిత్రము" మొదటి భాగమును విజ్ఞానచంద్రికా మండలివారు 1910లో ప్రకటించిరి. తెలుగువారికి తమ పూర్వరాజుల వరుస తెలిసివచ్చుటకు ఆ గ్రంథము గొప్ప తోడ్పాటయ్యెను. కాని రాజు కట్టిన వస్త్రమును నేసిన వానికి అట్టి చరిత్రములలో చోటు తక్కువ. ఆ కొఱతను గుర్తించి తీర్చిన మహనీయుడు సురవరము ప్రతాపరెడ్డిగారు. వారి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" 1949లో వెలువడెను. 1955లో తెలుగు గ్రంథములలో మొట్టమొదటగా కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును బడసెను. జనులేమి తినిరి, ఏమి కట్టిరి, ఏయే యాటలాడిరి, ఏ వృత్తులచే బ్రదికిరి యను విషయములే ఆ గ్రంథమునకు ప్రధానములు. రాజుల యుద్ధములు అందు వెనుకకు జరిగినవి.

ఆయన యీ సామగ్రిని ఎచ్చట సంపాదించెను? మనము పరీక్షల కొఱకు చదివి విడిచిన కావ్యములలోనే. ఓరుగల్లు 1323లో ఢిల్లీ సేనల పాలయ్యెను. ఆ నగరపు సందడి యంతయు మాసిపోయెను. అయినను "క్రీడాభిరామము"ను తెఱచినచో మంచనశర్మయు టిట్టిభసెట్టియు నేటికిని ఆ వీథులలో నడచుచునే యున్నారు. పూటకూటింట భోజనము చేయుచు, కోడిపందెమును చూచుచు, పల్నాటి వీరుల పాటలు వినుచు ఒక్క దినములో మహానగరమును మనకు చూపుచున్నారు. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో దానిని ముద్రింపకున్నచో ఆ వీథులు మనకు మూసియే యుండెడివి. పదునెనిమిదవ శతాబ్దిలో అయ్యలరాజు నారాయణామాత్యుడు రచించిన "హంసవింశతి" మరియొక భాండాగారము. నానావృత్తులవారి పనిముట్లును సరకులును అందు కుప్పలుగా పోయబడి యున్నవి. కథాకౌతుకముచే చదువువారు ఆ పట్టికలను దాటిపోవుదురు. చరిత్రకారుడు అచ్చటనే నిలుచును.

పాల్కురికి సోమనాథుని కావ్యములయందు వస్త్రముల పేళ్లు పెక్కులున్నవి. వెంజావళి, మణిపట్టు, మహాచీని మొదలైనవి అందు కొన్ని. ఇట్టి పేళ్లకు అర్థమును వెదకుచు నిఘంటువు తెఱచినవానికి పలుమాఱు దొరకు సమాధానము "వస్త్రవిశేషము" అను నొక్క మాటయే. ఆ వస్త్రమునకు అంచెట్టిది? రంగెట్టిది? నూలా, పట్టా? చెప్పువారు లేరు. కవి పేరును నిలిపెను, వస్త్రము జారిపోయెను. నేసినవారు మన పూర్వులే యైనచో, అర్థము చెప్పవలసినవారమును మనమే గదా!

సముద్రతీరమునకు పోవుదము. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి యందు కాకతి గణపతిదేవుడు 1244లో అభయశాసనమును వేయించెను. పూర్వరాజులు గాలివానకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును అపహరించుచుండగా, తాను న్యాయమైన సుంకము తప్ప వేఱేమియు గొననని ఆ శాసనమున వర్తకులకు మాట యిచ్చెను. అర్ధశతాబ్ది గడచిన పిమ్మట వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఈ తీరమును గూర్చి వ్రాయుచు, ఇచ్చటి సన్నని వస్త్రములు సాలెపురుగు గూడువలె నుండునని కొనియాడెను. ఆ విదేశీయునకు తెలుగు రాదు. మన భాషలో ఆ పురుగునకు సాలెవాని పేరే యున్నదని అతడెఱుగడు. ఎఱుగకయే మన పేరును తన గ్రంథమున వ్రాసిపోయెను! 1611లో ఆంగ్లేయులు మచిలీపట్టణమున వర్తకస్థానము నేర్పఱచుకొనుటకును ఈ తీరపు వస్త్రములే ముఖ్యకారణము. రాజు శాసనము నిలిచినది, యాత్రికుని పుస్తకము నిలిచినది, కంపెనీవారి లెక్కలు నిలిచినవి. నేసినవాని మాట మాత్రము ఎచ్చటను లేదు. అతడేమియు వ్రాసి యుంచలేదా? వ్రాసినవా రుండిరి. పోగొట్టినవారును ఉన్నారు. ఆ రెండవవారిలో నేనొకడను.

ఈ విషయమును సిగ్గుతో విన్నవించుచున్నాను. మా తాతగారు ఎఱ్ఱగుడ్డ యట్టలు గల పొడుగుపాటి పుస్తకములలో చిట్టా, ఆవర్జాలు వ్రాసెడివారు. ఏ యింటికి ఎంత నూలిచ్చిరి, ఏ మగ్గమునుండి ఏ పేరుగల చీరె దిగెను, ఏ సంతలో ఎంతకు పోయెను, ఏ రంగు నిలిచెను, ఏది వెలిసెను అను సంగతులన్నియు వానిలో నుండెడివి. బాల్యమున వారు వానిని బిగ్గరగా చదువుచుండగా వినియున్నాను. 1988లో మా తండ్రిగారు గతించిన పిదప ఇల్లు సర్దుచు, నేను నా అమరకోశమును, రఘువంశమును పట్టుగుడ్డలో చుట్టి పదిలపఱచుకొంటిని. ఆ లెక్కల పుస్తకములను పాతకాగితములు కొనువానికి తూకమున వేసితిని. వచ్చిన సొమ్మెంతయో గూడ జ్ఞాపకము లేదు. నాటి నా బుద్ధికి శ్లోకమే విద్య, లెక్క విద్య కాదు.

కొన్నియేండ్లకు ప్రతాపరెడ్డిగారి గ్రంథమును పాఠము చెప్పుట కొఱకు మరల చదువుచుండగా పూర్వవస్త్రముల ప్రస్తావన వచ్చెను. తరగతిలో ఒక బాలుడు లేచి, "అయ్యవారూ, మీరు సాలెవారే గదా, మీ తాతగారి కాలపు చీరెల పేళ్లు చెప్పుడు" అనెను. ఎంత తలచుకొన్నను ఒక్క పేరైనను నోటికి రాలేదు. సోమనాథుడు ఏడు శతాబ్దములకు పైగా నిలిపిన పేళ్లను నిఘంటువు చెప్పలేదని నిందించిన నేను, నా కన్నుల యెదుట నున్న పేళ్లను నా చేతులతోనే తూచి అమ్మితిని. నాటినుండి ఆ బాలుని ప్రశ్న నన్ను విడువలేదు.

ఈ దుఃఖమునకు కొంత యోదార్పు నిచ్చిన గ్రంథ మొకటి కలదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి "మాండలిక వృత్తిపదకోశము" రెండవ సంపుటము చేనేతపదములకే కేటాయింపబడి 1971లో వెలువడెను. నాడె, కండె, పడుగు, పేక వంటి మన యింటి మాటలను పండితులు నేతగాండ్రనడిగి సేకరించి, ఏ ప్రాంతమున ఏ మాట వాడుదురో వివరించిరి. విశ్వవిద్యాలయమునుండి వచ్చి మన వాకిట నిలిచి అడిగినవారికి మనము ఋణపడి యున్నాము. కాని తరువాతి పనిని మనము చేసితిమా?

కాలము ఆగదు. ఆసుపోయుటకై మన స్త్రీలు ఒక్క చీరెకు వేలమాఱులు చేయి త్రిప్పి భుజములు పోగొట్టుకొనెడివారు. తల్లి పడు ఆ బాధను చూడలేక చింతకింది మల్లేశముగారు 1999లో లక్ష్మీ ఆసుయంత్రమును నిర్మించిరి; 2017లో పద్మశ్రీ బిరుదము నందిరి. ఆ యంత్రము మన తల్లులకు వరము. చేతి ఆసు పోయినదని నేను విచారింపను. ఆ ఆసు యొద్ద కూర్చుండి మన తల్లులు చెప్పుకొనిన మాటలు, పాడిన పాటలు, లెక్కపెట్టిన విధములు వ్రాతలో నెక్కకుండ పోవుచున్నవని మాత్రమే నా విచారము. కష్టము పోవలెను, కష్టపడినవారి జ్ఞాపకము నిలువవలెను.

కావున పెద్దలకును దాతలకును నా మనవి యిది. కులగౌరవము కొఱకు లేని రాజవంశమును కల్పించి వ్రాయించుట మనకు వలదు. సాలెపురుగు గూడువంటి వస్త్రమును నేసిన కులమునకు అరువు కిరీటమేల? సత్రములకును, కల్యాణమండపములకును ఉదారముగా నిచ్చు చేతులు ఒక గ్రంథమునకును కొంత ఈయవలెను. ప్రతి నేతగ్రామమునను చదువుకొనిన యువకు డొకడు, యువతి యొకతె వృద్ధుల యొద్ద కూర్చుండి వస్త్రముల పేళ్లు, అంచుల పేళ్లు, రంగులు కట్టు విధములు, మగ్గపు పాటలు వ్రాసికొనవలెను. అటుకలమీది చిట్టాలను, పత్రములను, తాటియాకు కట్టలను అమ్మకుండ, నీట కలుపకుండ, ఛాయాచిత్రములు తీయించి భద్రపఱుపవలెను. తెలంగాణమున కవులు లేరను నిందకు ప్రత్యుత్తరముగా ప్రతాపరెడ్డిగారు 1934లో 354 కవులతో "గోలకొండ కవుల సంచిక"ను వెలయించిరి. నలుమూలలనుండి పంపినవారుండుటచేతనే ఆ సంచిక సిద్ధించెను. పంపువారు లేనిచో సంకలనకర్త యేమి చేయగలడు?

ఇల్లు చేరిన వెంటనే మీ అటుకను ఒక్కమాఱు చూడుడు. అందు ఎఱ్ఱగుడ్డ యట్ట గల పుస్తకము కనబడినచో, దుమ్ము దులిపి, మీ బిడ్డలను పిలిచి, బిగ్గరగా చదివి వినిపింపుడు. నేను చేయలేని పనిని మీరు చేసినవారగుదురు.

శుభమస్తు.