ఎన్‌ఫీల్డ్ తూటా - 1857 తిరుగుబాటు

1857 తిరుగుబాటును గూర్చి వ్రాసిన ఆంగ్లేయులు పలువురు తూటాల వివాదాన్ని సిపాయీల మూఢనమ్మకంగా కొట్టివేశారు. ఈ అభిప్రాయం ఎంతవరకు సమంజసమో తేలాలంటే ముందుగా ఆ తూటా నిర్మాణాన్ని పరిశీలించవలసి ఉంటుంది.

సిపాయీలు అంతకు ముందు వాడిన బ్రౌన్ బెస్ తుపాకి గొట్టం లోపల నునుపుగా ఉండేది. గొట్టం వ్యాసం 0.75 అంగుళం, సీసపు గుండు వ్యాసం సుమారు 0.69 అంగుళం. గుండు వదులుగా ఉండుటచే తుపాకి నింపడం సులభమే. కాని అది గొట్టం గోడలకు తగులుతూ వెలువడేది. నూరు గజాలు దాటితే గురి నిలిచేది కాదు.

1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టంలో మెలితిరిగిన గాడులు మూడుండేవి. దాని గుండు కోలగా, అడుగున బోలుగా ఉండేది. మందు పేలగానే ఆ అడుగు విచ్చుకొని గాడులను పట్టుకొనేది. అందువల్ల గుండు బొంగరంవలె తిరుగుతూ, మొన ముందుకే ఉంచుకొని దూరం పోయేది. గురి చూసే పలకపై 900 గజాల వరకు గుర్తులుండేవి. అయితే గొట్టం వ్యాసం 0.577, గుండు వ్యాసం 0.568. ఇంత బిగువుగా ఉన్న గుండు మసి పేరుకొన్న గొట్టంలోకి దిగాలంటే, దానికి చుట్టిన కాగితానికి జిడ్డు పూయక తప్పదు. ఆ కాగితపు తూటా కొసను పళ్లతో కొరికి, మందు గొట్టంలో పోసి, పిదప గుండును కడ్డీతో దిగగొట్టేవారు.

కనుక జిడ్డు అవసరమే. జంతువుల కొవ్వు మాత్రం అవసరం కాదు. తేనెమైనం, నెయ్యి వంటివి వాడవచ్చునని 1857 జనవరిలో ప్రభుత్వమే ఒప్పుకొన్నది. పంది ముస్లిములకు హరాం, గోవు హిందువులకు పవిత్రం. అయినను కొవ్వు ఏ జంతువుదో ముందుగా విచారించలేదు. పరీక్షార్థం తూటాలు ఇండియాకు వచ్చిన 1853లోనే కర్నల్ టక్కర్ ఈ ప్రమాదాన్ని హెచ్చరించాడు. ఆ హెచ్చరిక ఫలించలేదు.

తర్వాత చేసిన సవరణలు నమ్మకాన్ని తిరిగి తేలేకపోయినవి. ఏప్రిల్ 24న మీరట్‌లో 90 మంది అశ్వికులకు ఇచ్చినవి పాతరకపు తూటాలే. వాటిని కొరకనక్కరలేదు, చేతితో చించితే చాలు. అయినను 85 మంది ముట్టలేదు. వారిలో ముస్లిములూ హిందువులూ ఉన్నారు. మే 9న వారికి సంకెళ్లు వేశారు. మరునాడే మీరట్ తిరగబడింది.

1866లో బాక్సర్ రూపొందించిన లోహపు తూటా వచ్చి, కొరికే పనినే తొలగించింది. గుండు గమనాన్ని అంగుళంలో వెయ్యోవంతు వరకు లెక్కించిన పాలకులు, దానిని నోట పెట్టుకోవలసిన మనిషి విశ్వాసాన్ని లెక్కలోకి తీసుకోలేదు. సిపాయీల అభ్యంతరం మూఢత్వం కాదనుటకు ఇదే ఆధారం.