మొదటి వారం తీర్పు: కన్సోల్ ఆటల్లో కొత్త కల్పనల జయాపజయాలు

వీడియో గేముల వ్యాపారంలో చాలాకాలంగా వినిపిస్తున్న ప్రశ్న ఒకటుంది. ఏ సినిమానుండో, పాత ఆటనుండో అరువు తెచ్చుకోకుండా, పూర్తిగా కొత్త కల్పనతో వచ్చిన ఆటల్లో నూటికి ఎన్ని నిలదొక్కుకుంటాయి? ప్రశ్న సూటిగానే ఉంది. కాని, లెక్క ఏ రోజున కట్టాలో, ఏ పేరుమీద కట్టాలో తేలకుండా దానికి జవాబు దొరకదు. మూడు ఆటల చరిత్ర ఈ చిక్కును విప్పి చూపిస్తుంది.

మొదటిది ఓకామి. జపాను పురాణగాథల్లోని సూర్యదేవత అమతెరాసు తెల్లతోడేలు రూపంలో, కుంచెతో లోకాన్ని తిరిగి చిత్రించే ఆట ఇది. హిదెకి కమియ దర్శకత్వంలో క్లోవర్ స్టూడియో తయారుచేయగా, మాతృసంస్థ క్యాప్‌కామ్ 2006 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ 2 కోసం విడుదల చేసింది. విమర్శకులు మెచ్చుకున్నారు, కొనేవారు కరువయ్యారు. ఆ కన్సోల్ అప్పటికే చివరిదశలో ఉంది. ప్లేస్టేషన్ 3 అదే సంవత్సరం నవంబరులో వచ్చింది. అంతకు ఒక నెల ముందే, క్లోవర్‌ను మూసివేస్తున్నట్టు క్యాప్‌కామ్ ప్రకటించింది. ఆట మాత్రం బ్రతికింది. 2008లో వీ మీద, 2012లో ప్లేస్టేషన్ 3 మీద, 2017లో మరికొన్ని కన్సోళ్ళ మీద మళ్ళీ విడుదలైంది. 2010లో చేతిలో పట్టుకొని ఆడే డీఎస్ మీద ఓకామిడెన్ వచ్చింది. చివరకు, కమియ దర్శకత్వంలోనే కొత్త భాగం రాబోతున్నదని 2024 డిసెంబరులో ప్రకటించారు.

రెండవది డీమన్స్ సోల్స్. తడబడుతున్న ఈ ప్రాజెక్టును ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్‌లో హిదెతక మియజాకి చేపట్టాడు. 2009 ఫిబ్రవరిలో జపానులో సోనీ విడుదల చేసినప్పుడు తొలి అమ్మకాలు నిరుత్సాహపరిచాయి. సోనీ అధికారి షుహే యోషిద సుమారు రెండు గంటలు ఆడి, ఆరంభం కూడా దాటలేక పెదవి విరిచాడు. అమెరికాలో ప్రచురించడానికి సోనీ ముందుకు రాలేదు. ఆ పని అట్లస్ చేసింది. అది పొరపాటేనని యోషిద తర్వాత ఒప్పుకున్నాడు. పేరుమీద హక్కులు సోనీవి కాబట్టి, ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ అదే బాణీని 2011లో డార్క్ సోల్స్ అనే కొత్త పేరుతో కొనసాగించింది. ఆ వంశంలోదే అయిన ఎల్డెన్ రింగ్ 2022లో విడుదలై, ఏడాదిలో రెండు కోట్ల ప్రతులు దాటింది. ఒకప్పుడు అమెరికాకు వద్దనుకున్న ఆటనే 2020లో ప్లేస్టేషన్ 5 తొలిరోజు ఆకర్షణగా సోనీ పునర్నిర్మించింది.

ఇక్కడ గమనించవలసిన వింత ఒకటుంది. డీమన్స్ సోల్స్ పేరుతో రెండవ భాగం నేటికీ రాలేదు. పేర్లను బట్టి ఫ్రాంచైజులను లెక్కించే పట్టికలో అది ఒంటరి ఆటే.

మూడవది కాంకర్డ్. సోనీ దీన్ని 2024 ఆగస్టు 23న విడుదల చేసి, సెప్టెంబరు 6న ఉపసంహరించుకొని, కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చింది. తయారుచేసిన ఫైర్‌వాక్ స్టూడియోను అక్టోబరులో మూసివేస్తున్నట్టు ప్రకటించింది. అది గొప్ప ఆట అని నా వాదన కాదు. కాని, ఓకామి డిస్కు ఒక ఇంటి అలమరలో ఏళ్ళ తరబడి వేచి ఉండగలిగింది. ఒక స్నేహితుడి చేతినుండి మరొకరికి చేరగలిగింది. పూర్తిగా సర్వర్లమీద ఆధారపడిన కాంకర్డ్‌కు ఆ అవకాశం లేదు. సర్వరు ఆగిన రోజే ఆట కూడా లేకుండా పోయింది.

మూడు ఉదాహరణలతో శాతాలు తేలవు. తేలేది ఒక్కటే: జయాపజయాల శాతం ఆటల నాణ్యతతోపాటు వాటికి దక్కిన గడువును కూడా కొలుస్తుంది. 2009 చివరిలో లెక్క కట్టినవారు ఓకామిని ఓటమి ఖాతాలోనే వేసి ఉండేవారు. తొలివారం వసూళ్ళతో సినిమా భవితవ్యం తేల్చే అలవాటు మనకు కొత్తకాదు. అయినా, రీలు మిగిలితే ఆ సినిమాకు మరో తరం ప్రేక్షకులు దొరకవచ్చు. నేటి ఆటల్లో కొన్నింటికి ఆ రీలు కూడా మిగలడం లేదు. రేపటి చరిత్రకారుడు తీర్పును తిరగరాయాలనుకున్నా, అతని ముందు సాక్ష్యం ఉండదు.