భావనపాడు–నౌపడ ఉప్పు మడులు

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో, భావనపాడు తీరానికి ఎగువన నౌపడ చుట్టూ ఉన్న ఉప్పు సాగు భూములు. ఇక్కడి పని చూడటానికి సులువు, నిజానికి సున్నితమైన రసాయనశాస్త్రం. ఉప్పుటేటి నీటిని ఎండకు మడి నుంచి మడికి మళ్లిస్తూ చిక్కబరుస్తారు. ఉప్పు కంటే ముందు జిప్సం విడిపోతుంది. చిక్కదనం సుమారు 25 డిగ్రీల బోమేకు చేరాక ఉప్పు గడ్డకడుతుంది. 30 దగ్గరపడితే మెగ్నీషియం లవణాలు కలిసి ఉప్పు చేదెక్కుతుంది కాబట్టి, ఆలోపే మిగిలిన నీటిని వదిలేయాలి. చిక్కదనాన్ని కొలిచే ఈ కొలమానం 18వ శతాబ్దపు ఫ్రెంచి ఔషధకారుడు ఆంత్వాన్ బోమేది. వాన ఒక్కటి పడితే పంట కరిగిపోతుంది. అంత కష్టానికి తగిన గుర్తింపు ఈ రైతులకు దక్కలేదు.